చిన్నమ్మ పప్పుచారులో ఉప్పు

మా కాలేజీ పాత విద్యార్థులంతా ఒకచోట కలవాలని ఎవరికో బుద్ధి పుట్టి, ఫోనులో ఒక గ్రూపు పెట్టారు. పొద్దున లేస్తే చాలు, పూలబొమ్మలు, సూక్తులు, మోకాళ్ల నొప్పులకు చిట్కాలు. సూర్యాపేట ముఖం చూసి ఏళ్లయినవాళ్లకు పనికొస్తుందని మొన్న ఒకాయన అందులో పెద్ద వ్యాసమే పెట్టాడు. కాలేజీ చుట్టుపక్కల ఎక్కడ తినాలి, ఏమేం చూడాలి అని. ఆయన మిర్యాలగూడలో బియ్యం మిల్లున్నవాళ్ల అబ్బాయి. ఇప్పుడు హైదరాబాదులో ఏదో శాఖలో పెద్ద అధికారి. నేను చదివిన ఊళ్లోనే టీచరునై, ఈ ఊరు వదలకుండా ఉన్న మనిషిని. నాకు తెలియనిది ఏం రాశాడో చూద్దామని కళ్లజోడు పెట్టుకుని కూర్చున్నాను.

పిల్లలమర్రి గుళ్లు తప్పక చూడాలట. ఆ శిల్పాల ముందు నిలబడితే కాలం ఆగిపోతుందట. మా రోజుల్లో ఈయన ఆ గుళ్లకు పోయింది క్లాసులు ఎగ్గొట్టి పేకాడటానికి. గేట్లు ఎత్తిన రోజున మూసీ డ్యాం చూడాలన్నాడు, వడ్లు వచ్చే కాలంలో మార్కెట్ యార్డు చూడాలన్నాడు. ఆ దుమ్ముకు దగ్గొస్తుందన్న సంగతి మాత్రం రాయలేదు. బస్టాండు ముందరి బండి మీద మిర్చి బజ్జీ తినమన్నాడు. విజయవాడ బస్సులు ఆగే హైవే హోటళ్లలో ఏమీ తినొద్దన్నాడు. ఇంతవరకు నాకేం పేచీ లేదు, నవ్వుకుంటూనే చదివాను. చివర్లో ఇలా ఉంది: 'కాలేజీ వెనక సందులో ఒక అక్క మెస్ నడిపేది. అట్లాంటి పప్పుచారు మళ్లీ నా జీవితంలో తినలేదు. ఎందుకో మూసేసింది. మంచివన్నీ ఇంతే.' దాని కింద అందరూ ఎర్రటి గుండెకాయల బొమ్మలు పెట్టారు. ఒకాయన కళ్లనీళ్ల బొమ్మ కూడా పెట్టాడు.

ఆ అక్క మా చిన్నమ్మ. మా అమ్మకు సొంత చెల్లెలు. మా చిన్నాయన మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర లారీ నడిపేవాడు, వారానికోసారి ఇంటికొచ్చి నిద్రపోయి వెళ్లేవాడు. పిల్లల్లేరు. నన్ను కాలేజీలో చేర్చాక నేనూ ఆమె దగ్గరే ఉన్నాను. కిరాయికి తీసుకున్న పెంకుటింట్లో ముందు గది మెస్, వెనక గది మేం. గోడ వెంబడి బెంచీలు, మూలన మంచినీళ్ల డ్రమ్ము, పెరట్లో చేతులు కడుక్కునే కుళాయి. అంతే వైభవం. కాని ఆమె పప్పుచారుకు పోపు పెడితే ఆ వాసన సందు దాటి కాలేజీ గేటు దాకా పోయేది, కుర్రాళ్లు పుస్తకాలు చంకన పెట్టుకుని వచ్చేవాళ్లు. ఎండు మిరపకాయ నల్లబడక ముందే దించేది. చింతపండు పిసికిన చేత్తోనే బెల్లం చిటికెడు వేసి, వేయలేదని అబద్ధం చెప్పేది. వడ్డించేటప్పుడు గరిటె కంచానికి తగలనిచ్చేది కాదు. 'ఇంకొంచెం' అన్నవాడికి రెండింతలు, 'చాలు' అన్నవాడికి ఒకటిన్నర. మిల్లు అబ్బాయికి మాత్రం లెక్కే లేదు. అతను కంచంలో పప్పుచారు పోయించుకుని గిన్నెలా ఎత్తుకుని తాగేవాడు. 'అక్కా, మా అమ్మ కూడ గిట్ల చెయ్యదే' అనేవాడు. ఆ ఒక్క మాటకు చిన్నమ్మ సాయంత్రం దాకా పాటలు పాడుకునేది. బియ్యం కూడా వాళ్ల నాన్న మిల్లు నుంచే వచ్చేవి, పాతవి, పలుకుగా ఉండేవి.

ఇక్కడ మా సంగతి కొంచెం చెప్పాలి. మా అమ్మమ్మగారిల్లు ఇదే ఊరి చివర వాడలో. చర్చి కూడా ఆ వాడలోనే. మా వైపు ఈ రెండు ముక్కలు చెబితే మూడోది ఎవరూ అడగరు, కులం తెలిసిపోతుంది. చిన్నమ్మ దాచిందని అనను. ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. మెస్ తెరిచిన రోజున ఇంటి ఓనరమ్మ 'ముఖం బోసిగ ఉంటే బేరం కాదు' అంటే, ఒక స్టిక్కర్ బొట్ల అట్ట కొనుక్కొచ్చి తన ముఖాన ఒకటి, నా ముఖాన ఒకటి అతికించింది. ఆదివారం పొద్దున చర్చికి పోయేముందు తీసి అద్దం మీద అంటించేది, వచ్చాక మళ్లీ తీసి ముఖాన పెట్టుకునేది. పాస్టరయ్యగారికి ఎవరో చేరవేశారు. ఆయన ప్రార్థన అయ్యాక ఆడవాళ్లందరి ముందు నిలబెట్టి, 'వారమంతా బొట్టు పెట్టుకొని ఆదివారం ప్రభువు ముందల ఏ ముఖంతోని నిలబడతవమ్మా' అని అడిగాడు. 'ప్రభువుకు నా ముఖం తెల్వదా అయ్యగారూ' అంది చిన్నమ్మ. ఆ తరువాత కొన్నాళ్లు ఆమె పక్కన కూర్చునేవాళ్లే లేరు. అక్కడా అంతే, ఇక్కడా అంతే. మనుషులకు ముఖం కంటే ముఖం మీదిది ముఖ్యం.

ఆ ఏడు ఈస్టర్ వచ్చింది. ఈస్టర్ నాడు తెల్లవారక ముందే మావాళ్లంతా తెల్లబట్టలు కట్టుకుని సమాధుల దొడ్డికి పోతారు, తమవాళ్ల సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించి పాటలు పాడతారు. అటునుంచి అటే చర్చికి. చిన్నమ్మ కూడా తెల్లచీర కట్టుకుని మా అమ్మమ్మ సమాధి దగ్గరికి పోయింది. ఆ రోజు ఆరాధన చాలాసేపు నడిచింది. ఆదివారం మధ్యాహ్నం మెస్‌లో కోడికూర. ఆలస్యమైందని ఆమె పరుగున వచ్చి, చీర కూడా మార్చుకోకుండా పొయ్యి ముందు కూర్చుంది. బొట్టు అద్దం మీదే ఉండిపోయింది. నేనూ చూడలేదు, మసాలా నూరుతున్నాను.

కుర్రాళ్లు వచ్చి కూర్చున్నారు. తినడం సగమైంది. కూర గిన్నె పట్టుకుని చిన్నమ్మ ముందు గదిలోకి వెళ్లగానే మిల్లు అబ్బాయి ఆమెను చూసి, తింటున్నవాడు తింటున్నట్టే లేచి నిలబడ్డాడు. తెల్లచీర, బోసి నుదురు. అతని కళ్లలో నీళ్లు. అది నటన కాదు, నేను గుమ్మంలోంచి చూశాను.

'అక్కా, బావకేమన్న అయిందా?' అన్నాడు.

తన కోసం ఒక పరాయి పిల్లవాడు అన్నం వదిలి లేచాడని చిన్నమ్మ కరిగిపోయింది. పగలబడి నవ్వింది. 'నీ నోట్ల మన్నువడ! ఆయనకేమైతది బిడ్డా, లారీ మీద గుండ్రాయి లెక్క ఉన్నడు. ఇయ్యాల ఈస్టర్ గద, పొద్దుగాల్నే మా అమ్మ సమాధి కాడికి పోయి, గాడికెల్లి చర్చికి పోయొచ్చిన. మీకు ఆకలైతదని సీదా పొయ్యి కాడ్కి ఉరికొచ్చిన. బొట్టు యాదికే లేదు, సూడు.'

ఎవరూ లేచి పోలేదు. ఛీ అని ఎవరూ అనలేదు. ఆ మాట అనుంటే మేమూ నాలుగు తిట్టేవాళ్లం. మిల్లు అబ్బాయి కూర్చున్నాడు. 'కూర వేసుకో బిడ్డా' అంటే కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఉన్నది మాత్రం అందరూ తిన్నారు, ఆకలి ఆకలే కదా. తరువాత పెరట్లో కుళాయి దగ్గర అతను చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు, వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కునేదాకా.

మర్నాడు అతను సగంలో కంచం వదిలేశాడు. 'ఉప్పెక్కువైంది అక్కా' అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడని! ఆ తరువాత ఇంకొకడు అదే మాట. అంతకు ముందు చెమట కారేలా జుర్రుకుని తాగిన పప్పుచారే అది. వారం తిరిగేసరికి సగం బెంచీలు ఖాళీ. రోడ్డు మీద ఎదురుపడితే మాత్రం 'బాగున్నవా అక్కా' అని అందరూ పలకరించేవాళ్లు. 'ఉప్పు జర సూస్కో అక్కా, మళ్ల వస్తం' అనేవాళ్లు. ఆ 'మళ్ల వస్తం' అన్న మాటతో ఆమెను నమిలి తిన్నారు.

చిన్నమ్మ ఉప్పు తగ్గించింది. ఇంకా తగ్గించింది. ఉప్పు డబ్బా మార్చింది, మెత్తుప్పు మానేసి రాళ్లుప్పు తెచ్చింది, నీళ్లలోనే ఉప్పదనం ఉందేమోనని వేరే బోరు నుంచి బిందెలతో మోయించింది. వండిన ప్రతిసారీ గరిటెతో నా అరచేతిలో చుక్క పోసి 'సరిపోయిందా, నిజం చెప్పు' అని నా నోటి వైపు చూసేది. నాకు అన్నం చూస్తేనే ఏడుపొచ్చేది. చివరికి ఆ పప్పుచారు ఒట్టి చింతపండు నీళ్లయింది. హాస్టల్లో సీటు దొరకని ఇద్దరు ముగ్గురు, మా వాడల పిల్లలే, ఇంకా వచ్చేవాళ్లు. పాపం వాళ్లు 'ఉప్పు లేదు చిన్నమ్మా' అన్నారు. ఆమె వాళ్ల మీద కసిరింది. వాళ్లకు రుచి తెలియదంది. రుచి తెలిసింది మిల్లు అబ్బాయికేనంది.

ఆ రోజు నాకు ఒళ్లు మండింది. 'ఉప్పు కాదే, నీకు సమజైతలేదా? నువ్వెవరో తెలిసింది వాళ్లకు. గంతే' అని అరిచాను.

ఆమె గరిటె కింద పెట్టింది. 'ఉప్పే అయ్యుంటదే పిల్లా' అంది. 'ఉప్పయితే తక్కువేస్తం. నువ్వనేదైతే నేనేం తక్కువెయ్యాలె?'

నేను ఆ గరిటె తీసి కడిగి పెట్టాను.

వానలు పడేనాటికి కొత్త బ్యాచ్ వచ్చింది. వాళ్లకు సీనియర్లు ముందే చెప్పిపెట్టారు, ఒక్కడూ సందులోకి తిరగలేదు. మిర్యాలగూడ మిల్లు వాళ్లు మాత్రం చివరిదాకా బియ్యం పంపారు, బస్తా మోసే హమాలీ 'ఇంకో రెండు దించాల్నా' అని అడిగేవాడు. మేం కొనే బియ్యంలో వాళ్లకు దోషమేమీ కనబడలేదు. ఒకనాడు చిన్నమ్మ బెంచీలు అమ్మేసి, తాళం ఓనరమ్మ చేతిలో పెట్టింది. అద్దం మీది బొట్టును గోరుతో గీకి తీసి పారేసింది. చిన్నాయన డ్యూటీకి దగ్గరని కోదాడలో ఇల్లు తీసుకున్నారు. ఆ తరువాత ఆమె బయటివాళ్లకు ఒక ముద్ద వండలేదు.

ఆ వ్యాసం చదివిన మర్నాడు సెలవు పెట్టి కోదాడ బస్సెక్కాను. చిన్నమ్మకు బీపీ వచ్చి, డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు. నేను వెళ్లేసరికి చప్పిడి మజ్జిగన్నం తింటూ ఉంది. పక్కింటి ఆంధ్రావిడ పెరుగు గిన్నె ఇచ్చి పోతూ, 'మీ పిన్నిగారు రుచీ పచీ లేకుండా ఎలా తింటారో ఏంటో అండీ' అంది. ఆమె వెళ్లాక ఫోను తీసి వ్యాసం పైనుంచి కిందిదాకా చదివి వినిపించాను. పిల్లలమర్రి దగ్గర ఊఁ కొట్టింది, బజ్జీల దగ్గర నవ్వింది. చివరి వాక్యాల దగ్గర ముద్ద కలుపుతున్న చెయ్యి ఆపేసింది.

'మిల్లు పిలగాడా రాసింది? మంచిగున్నడా?' అంది.

'మంచిగనే ఉన్నడు. ఎందుకో మూసేసిందట నువ్వు! ఎందుకో నేను రాస్తా అందర్ల' అన్నాను. నిజంగానే రాద్దామనుకున్నాను. బస్సులో కూర్చుని మాటలన్నీ పేర్చుకున్నాను కూడా.

'వద్దు బిడ్డా. ఎన్నడో చిన్నతనంల సంగతి. సదివి ఊకె బాధపడతడు' అంది.

నేను ఫోను మూసేశాను. ఆమె మళ్లీ ముద్ద కలిపింది, నోట్లో పెట్టుకోలేదు. అటు తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు అడిగింది.

'ఉప్పు గురించి ఏమన్న రాసిండా?'

'లేదు చిన్నమ్మా. ఏం రాయలేదు.'

'రాయలేదంటే సరిపోయినట్టే గద' అంది. ముఖం వెలిగింది. ఆ వెలుగు చూడలేక నేను లేచి, చేతులు కడుక్కునే వంకతో పెరట్లోకి వెళ్లాను.

కాలం అన్నీ మరిపిస్తుందంటారు గాని, అది ఎవరికి ఏది మరిపిస్తుందో చూస్తే నాకు దాని మీద కూడా కోపమే వస్తుంది. తిన్నవాడు కారణం మరిచిపోయాడు, వండిన మనిషి ఇంకా ఉప్పు చూసుకుంటూనే ఉంది.