గోంగూర తిన్న మిషను

మొన్న మిరపచేలో ఆకుముడత కనబడి, విత్తనాల కంపెనీ వాళ్ళ చాట్‌లో నా గోడు రాసుకుంటే, అవతలి నుంచి ఒకావిడ ఎంత మర్యాదగా జవాబులిచ్చిందంటే, గుంటూరు జిల్లా మొత్తం గాలించినా అంత మర్యాద పోగవదు. అక్కడే నాకు అనుమానం తగిలింది. మనిషైతే ఈపాటికి ఒక్కసారైనా విసుక్కునేది కదా. ఆరా తీస్తే మిషనేనట.

అలాంటి అనుమానమే ఒకప్పుడు నా మీదికి వచ్చిందంటే మీరు నమ్మాలి. చీమకుర్తిలో గ్రానైటు ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరుగా చేరిన కొత్తలో, సాయంత్రం ఒంగోలులో బస్సు దిగి, ఉడుకెత్తే నెట్ సెంటర్లో కూర్చుని, వినుకొండ చర్చి బడిలో పనిచేసే ఒక టీచరమ్మతో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడుతూ చాటింగు చేసేవాణ్ణి. కీబోర్డు మీద నా వేళ్ళు పరిగెడుతుంటే ఆ గాలికి పక్కవాళ్ళు ఫ్యాను కట్టేయించేవాళ్ళు. ఇంతలో వాళ్ళన్నయ్య, చాట్ రూముల్లో మనుషుల్లా మాట్లాడే ప్రోగ్రాములు కూడా ఉంటాయని ఆవిడ చెవిన వేశాడు. నేను మనిషినని నమ్మకం కుదిరితే సరి, లేదంటే ఇదే ఆఖరి సాయంత్రమని ఆవిడ తేల్చేసింది. నా గుండె గతుకుల రోడ్డు మీద గ్రానైటు లారీలా అదిరింది. ఆవిడ మాటల్లేని సాయంత్రాన్ని అప్పటికే ఊహించుకోలేని స్థితిలో ఉన్నాను మరి.

"ఇవాళ ఏం కూరండీ?" అని పరీక్ష పెట్టింది.

"గోంగూర."

"నిన్నా గోంగూరే అన్నారు. మొన్నా అదే. మీకు ఇంకో కూర నేర్పలేదా?"

ఇక ఆగలేకపోయాను. "ఏంటండీ, మిషనా? మిషనైతే ఈపాటికి కాలిపోయేది! పెరట్లో గోంగూర అడవిలా మొలిచింది, అది అయ్యేదాకా ఇంకో కూర వండనని మా అమ్మ కూర్చుంది. నోరు పులిసి నేనేడుస్తుంటే మీకు పరీక్షలా? రేపూ గోంగూరే! ఎల్లుండీ గోంగూరే! ఏం చేసుకుంటారో చేసుకోండి!"

తెర మీద జవాబు వచ్చింది:

"ఉల్లిపాయ నంజుకోండి."

ఆ ఉల్లిపాయతో మొదలైన సలహాలు ఆవిడ నన్ను పెళ్ళి చేసుకున్నాక కూడా ఆగలేదు.

ఇప్పటి మిషన్లు అడిగితే రోజుకో కూర చెబుతాయి, ఎంత తిట్టినా చిరునవ్వు చెరగదు. మన తరం వాళ్ళం మాత్రం చెప్పిందే చెప్తాం, అలుగుతాం, అరుస్తాం. అది లోపమని పిల్లలంటే అననీయండి, నేను మానను. దిగులల్లా ఒక్కటే. ఆ రోజుల్లో నేను మనిషినో కాదో తేలకపోతే ఒకావిడకి నిద్రపట్టేది కాదు. ఇప్పుడు అవతలున్న దానికి నేనెవరైనా ఒకటే. నాకు మాత్రం అవతల ఎవరున్నా ఒకటే కాదండోయ్!