పురుగుల ఇంట్లో తలనొప్పి

మా ఇంట్లో పట్టుపురుగులకు జ్వరం వచ్చేది. చర్మం మార్చుకునే ముందు అవి మేత మాని, తల ఎత్తి, కదలకుండా ఉండిపోతాయి. బాగేపల్లి వైపు దాన్నే జ్వరమంటారు. ఆ రోజుల్లో నాయన ఇంట్లో ఎవరినీ గట్టిగా మాట్లాడనిచ్చేవాడు కాదు. బీడీ కాల్చేవాళ్లు వీధి చివరికి పోవాల్సిందే. ఎండుమిర్చి తిరగమోత నిషేధం. కిటికీలకు గోనెపట్టాలు కట్టి గదంతా చీకటి చేసేవాడు.

అమ్మ తలనొప్పికి కావలసినవి కూడా సరిగ్గా అవే. కాకపోతే ఆమె పురుగు కాదు.

నొప్పి వచ్చిన రోజు తలకు తువ్వాలు బిగించుకుని, గోడవారన వాంతి చేసుకుని, కొడవలి తీసుకుని పురుగులకు ఆకు కోయడానికి మల్బరీ తోటకు పోయేది. "పని జాస్తి ఉన్నప్పుడే వస్తాదే నీకు తలనొప్పి!" అనేవాడు నాయన. ఆ మాటలో నిజం లేకపోలేదు. పని తక్కువగా ఉన్న రోజు ఆమెకు ఎప్పుడొచ్చిందో నాకైతే గుర్తులేదు.

పురుగులు మానేసి కొన్నేళ్లయింది, తలనొప్పి మానలేదు. మొన్న వేసవిలో ఆమెను చిక్కబళ్ళాపురంలో డాక్టరమ్మకు చూపించాను. నాయన కూడా రావాలని అమ్మే పట్టుబట్టింది.

ఇది మైగ్రేన్ అంది డాక్టరమ్మ. నరాల చివర్లలో సీజీఆర్‌పీ అనే పదార్థం ఊరుతుందట. దాని పూర్తి పేరు పలికేలోగా మామూలు తలనొప్పయితే తగ్గిపోతుంది. తలలో రక్తనాళాలను అది వెడల్పు చేస్తుంది, నొప్పి కబురును మెదడుకు చేరవేస్తుంది. దాన్ని అడ్డుకునే సూది ఇప్పుడు ఉందనీ, నెలనెలా వేసుకోవాలనీ, అందరికీ పనిచేయకపోవచ్చనీ డాక్టరమ్మ చెప్పింది.

అమ్మ సూది దాకా వినలేదు.

"అంటే నిజంగానే ఉండాదా తల్లీ అది?"

"ఉండాదమ్మా."

"ఆ మాట ఆయప్పకు చెప్పు. సూది సంగతి ఆమీద."

నాయనకు ఇప్పుడు చెవులు వినబడవు. అమ్మది సాకు అన్నంత కాలం శుభ్రంగా వినబడేవి. ఆయనకు చెప్పాలంటే అరవాలి. అమ్మకేమో ఆ పూట కూడా నొప్పిగానే ఉంది. నేను నోరు తెరిచి ఆగిపోయాను.

"గట్టిగా అరువు నాయనా, ఓర్చుకుంటా," అని నాకు చెప్పి ఆమె కళ్ల మీదికి కొంగు లాక్కుంది.

అరిచాను. "నాయనా! అమ్మది సాకు కాదంట! నరాల్లో ఏదో ఊరతాదంట! నిజం నొప్పేనంట!"

బయట కూర్చున్న రోగులు తలుపు వైపు తిరిగారు. నాయన నన్నూ, డాక్టరమ్మనూ మార్చి మార్చి చూశాడు. తన గొంతు తనకే వినబడని మనిషి, గది అదిరేటట్టు అన్నాడు:

"తెలుసులేప్పా! అప్పుడు ఒప్పుకుంటే ఆకు కోసేదెవురు?"

డాక్టరమ్మ రాస్తున్న పెన్ను ఆపింది.

అమ్మ కొంగు తీయలేదు. దాని వెనక నుంచే నాతో అంది:

"మెల్లగా చెప్పమను నాయనా. తల పగల్తాండాది."