పన్నెండు రోజులు నిలబడిన జీపు

ఆ రోజుల్లో మా వైపు ఊర్ల గురించి పేపర్లో చదివినవాళ్ళు, మేమంతా నిద్ర లేచింది మొదలు భయపడుతూనే బతికామనుకుంటారు. అంత తీరిక ఎవరికీ ఉండేది కాదు. పొద్దున్నే జొన్నరొట్టెలు కాల్చుకునేవాళ్ళం, బడికి పోయేవాళ్ళం, సాయంత్రం పాలు పిండుకునేవాళ్ళం. మధ్యలో అప్పుడప్పుడు బస్సులు నిలిచిపోయేవి. ఎందుకు నిలిచాయని అడగడం అలవాటు లేదు, మళ్ళీ ఎప్పుడు తిరుగుతాయని మాత్రం అడిగేవాళ్ళం. నా మొదటి కాన్పు ఆ కాలంలో జరిగింది. ఆ కథ ఇన్నేళ్ళూ మా ఇంట్లో మా ఆయనే చెప్పేవారు. ప్రతి ఏడూ మా అమ్మాయి పుట్టినరోజుకు, పాయసం గిన్నె చేతిలో పట్టుకుని, కొంచెం పెంచి చెప్పేవారు. నేను వంటింట్లోంచి సరిదిద్దేదాన్ని. ఆయన పోయిన వేసవిలో చనిపోయారు. అందుకని ఈసారి నేనే, ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

మా ఊరు పెన్నకు ఒక గట్టున, జమ్మలమడుగు రెండో గట్టున. ఊర్లో ఎగువ వీధి, దిగువ వీధి అని రెండు. ఎగువ వీధిది ఒక పార్టీ, దిగువ వీధిది ఇంకొకటి. (ఒకసారి రెండు వీధుల పెద్దలూ ఒకే ఎన్నికలకు పార్టీలు మార్చారు. జెండాలు ఈ వీధివి ఆ వీధికి పోయాయి, పగలు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి.) రెండు వీధులూ కలిసే చోట చర్చి, చర్చి గోడను ఆనుకుని మా ఇల్లు. నాయన ఊరి బడిలో టీచరు కాబట్టి మేము ఏ వీధికీ చెందం. మామ, అంటే మా అమ్మ తమ్ముడు, దిగువ వీధి పెద్దకు జీపు తోలేవాడు. ఇంటి పెత్తనం మాత్రం అవ్వది, అమ్మమ్మది. మా అమ్మ లేదు. నాకు ఐదేళ్ళప్పుడు రెండో కాన్పులో బిడ్డ అడ్డం తిరిగి, ఎద్దులబండి పెన్న దాటేసరికి పొద్దుపోయి, ఆసుపత్రి చేరకుండానే పోయింది. ఆ బండి తోలింది మామే.

ఆ ఒక్క చావు నుంచి తల్లీకొడుకులు రెండు వేరువేరు పాఠాలు నేర్చుకున్నారు. తేదీ ఊరంతా చెప్పుకోవడం వల్ల దిష్టి తగిలిందని అవ్వ నమ్మకం. బండి ముందే కట్టిపెట్టుకోకపోవడం వల్ల ఆలస్యమైందని మామ నమ్మకం. నా కాన్పు దగ్గర పడేసరికి ఇద్దరూ తమ తమ పాఠాలను ఒకేసారి అమల్లో పెట్టారు. జరిగినదానికంతా కారణం అదే.

ప్రొద్దుటూరులో డాక్టరమ్మ నన్ను చూసి, "బిడ్డ అడ్డంగా ఉంది. ఇంట్లో మంత్రసాని చేతుల్లో పెట్టొద్దు. నొప్పులు మొదలైన రెండు గంటల్లో నా దగ్గర ఉండాలి" అంది. అక్కడే ఉండిపోతే మంచిదని కూడా అంది. మొదటి కాన్పు నొప్పులు పుట్టింట్లోనే మొదలవ్వాలని అవ్వ పట్టుబట్టింది. నేనూ ఊ అన్నాను. ప్రొద్దుటూరు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న నాలుగు పుస్తకాలు ఇంకా చదవాల్సి ఉన్నాయి, ఇంట్లోనైతే కిటికీ దగ్గర మంచం ఉంది. ఇరవై రెండేళ్ళ వయసులో నా వివేకం అంత.

అవ్వ ఆదివారం చర్చిలో మొదటి వరసలో కూర్చునే మనిషి. దిష్టి విషయం మాత్రం పాస్టరుగారి దాకా పోనిచ్చేది కాదు. ఎవరడిగినా "యాడప్పా, ఇంకా రెణ్ణెల్లుండాది" అనేది. ఎగువ వీధి ఆడవాళ్ళకు చెప్పింది, దిగువ వీధి ఆడవాళ్ళకు చెప్పింది, చివరికి పోస్టుమ్యాన్‌కు కూడా చెప్పింది, అతను అడక్కపోయినా. ఇక మామ తన యజమాని దగ్గరకు పోయి జీపు అడిగి తెచ్చి, మా ఇంటి ముందు చర్చి గోడ నీడన నిలబెట్టాడు. రోజూ పొద్దున, సాయంత్రం పావుగంట స్టార్ట్ చేసి ఉంచేవాడు. ఇంజను చల్లబడితే అవసరానికి కదలదట. యాక్సిలేటరు తొక్కితే ఆ మోత ఊరి చివరి కళ్ళం దాకా వినపడేది.

మూడో రోజు మా ఆయన పులివెందుల నుంచి సెలవు పెట్టి వచ్చారు. తాలూకాఫీసులో గుమాస్తా. ఆయనకు తెలిసిన ఆయుధం గుండుసూది ఒక్కటే. కానీ భార్య కడుపుతో ఉంటే మొగుడు గడ్డం గీసుకోకూడదని అవ్వ ముందే కబురు పంపి ఉండటంతో, ఆయన బస్సు దిగేసరికి గడ్డం రొమ్ము మీదికి వచ్చింది. పెళ్ళిలో చూసినవాళ్ళెవరూ గుర్తుపట్టలేదు. (నాకూ కాస్త సమయం పట్టింది.) ఇంట్లో ఉక్కగా ఉందని పగలంతా జీపు ముందు సీట్లో కూర్చుని పేపరు చదువుకునేవారు.

ఇప్పుడు ఎగువ వీధివాళ్ళ మిద్దె మీద నిలబడి చూడండి. దిగువ వీధి పెద్ద జీపు, ఏ పనీ లేకుండా, రెండు వీధుల మొగదలలో రాత్రింబగళ్ళు నిలబడి ఉంది. రోజుకు రెండుసార్లు స్టార్ట్ చేసి ఆపుతున్నారు. అందులో ఒక గడ్డపాయన కూర్చుని పేపరు అంచు మీదుగా వచ్చేపోయేవాళ్ళను చూస్తున్నాడు. పులివెందుల నుంచి దిగాడట. కాన్పు కోసమా అంటే, కాన్పుకు ఇంకా రెండు నెలలుందని ఆ ఇంటి ముసలామె స్వయంగా చెప్పింది. ఇక మిగిలిన కారణం ఒక్కటే కదా.

ఐదో రోజు నాయన బడి నుంచి వచ్చి హాజరుపట్టీ ముందేసుకుని కూర్చున్నాడు. ఎగువ వీధి పిల్లలు ఒక్కరూ రాలేదు. జ్వరాలేమోనని విచారించడానికి ఎగువ వీధికి పోయి వచ్చాడు.

"పిల్లోల్లను ఎందుకు పంపలేదప్పా అంటే, 'ఊర్లో ఏందో జరగబోతాంది, మీకు తెల్దా సార్' అంటాండారు. వాల్ల జీపు కూడా బయటికి తీసి పెట్టుకున్నారు" అన్నాడు.

మామ గోడ మీదుగా చూసి వచ్చాడు. "నిజమే బావా. మన జీపు స్టార్ట్ చేసినప్పుడల్లా వాల్లూ చేస్తాండారు. మన మీదికి ఏందో ప్లాను ఏసినట్టుండారు" అన్నాడు. ఆ రోజు నుంచి జీపులోనే పడుకోవడం మొదలుపెట్టాడు.

నాయన కాసేపు ఆలోచించి, "మన జీపును చూసి వాల్లు బయపడినారేమో. పోయి కాన్పు కోసమని చెప్పొస్తా" అన్నాడు. ఊర్లో ఎవరికైనా ఈ ఆలోచన వచ్చిందంటే అదొక్కసారే.

అవ్వ రోకలి పక్కన పెట్టింది. "నువ్వు బడి సంగతి చూసుకో నాయినా. ఒక కూతుర్ని ఊరందరికీ చెప్పి పోగొట్టుకున్న్యా. ఇంకోసారి చెప్పను."

నాయన హాజరుపట్టీ మూసేశాడు. మామ లేచి జీపు దగ్గరకు పోయాడు. నేను పుస్తకం తిరగేసి పట్టుకుని చదువుతున్నట్టు కూర్చున్నాను. నా కడుపులో ఉన్న బిడ్డ ఎటు తిరిగి ఉందో అందరికీ తెలుసు.

డాక్టరమ్మ చెప్పిన తేదీ వచ్చింది, పోయింది. పొద్దున లేస్తే మామ కిటికీలోంచి "ఏమన్నా ఉండాదా పాపా?" అని అడిగేవాడు. లేదంటే పోయి జీపు స్టార్ట్ చేసేవాడు. ఎగువ వీధిలో రెండో జీపు స్టార్ట్ అయ్యేది. కాసేపటికి రెండూ ఆగిపోయేవి. ఊరు ఊరంతా నా నొప్పుల కోసం కాచుకుని ఉంది, సగం ఊరికి ఆ సంగతి తెలియదు.

పన్నెండో రోజు పొద్దున, రొట్టెలు తినే వేళకు, నడుము దగ్గర మొదలైంది. చదువుతున్న అధ్యాయంలో రెండు పేజీలే మిగిలాయి. అయిపోగానే చెబుదామనుకున్నాను. (ఇది మా ఆయనకు చనిపోయేదాకా చెప్పలేదు.) ఒక పేజీ అయ్యేసరికి అక్షరాలు కనిపించలేదు, అవ్వను పిలిచాను. నాయన బడిలో ఉన్నాడు, తర్వాత బస్సుకు రమ్మని కబురు పెట్టారు. నన్ను వెనక సీట్లో పడుకోబెట్టి, అవ్వ నా తల ఒళ్ళో పెట్టుకుంది. బిడ్డకని ఉతికి ఉంచిన పాత చీరల మూటను మా ఆయన రెండు చేతులా పట్టుకుని ముందు ఎక్కారు. జీపు చర్చి మలుపు తిరగ్గానే వెనక రెండో జీపు స్టార్ట్ అయిన మోత వినపడింది. రోజూ వినేదే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

పెన్నలో నీళ్ళు లేవు. వంతెన మీదుగా చుట్టూ తిరిగి పోయే బదులు ఇసుకలో బండ్లబాటన దిగాము. సరిగ్గా నడిమధ్య, అటు గట్టూ ఇటు గట్టూ సమానదూరంలో ఉన్నచోట, జీపు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మామ దిగి, ట్యాంకు మూత తీసి, లోపలికి ఒక పుల్ల పెట్టి బయటికి తీశాడు. పుల్ల పొడిగా ఉంది. పన్నెండు రోజులు, రోజుకు రెండు పావుగంటలు. డీజిలు చూపించే ముల్లు ఆ జీపు కొన్నప్పటి నుంచీ సగం దగ్గరే ఉండేదట. మామ ఆ పుల్లను చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఆ ఏటిలోనే, ఆ బాటలోనే అక్కను తీసుకుని పోయినవాడు. నేను మామ ముఖం చూసి కళ్ళు మూసుకున్నాను.

అప్పుడు ఎగువ వీధి జీపు వచ్చి ఇరవై గజాల దూరంలో ఆగింది. నలుగురు మనుషులు దిగారు. వెనకాలే ఎగువ వీధి పెద్దాయన కూడా దిగాడు. ప్రొద్దుటూరు కోర్టు వాయిదాకు పోతున్నట్టు ఇస్త్రీ చొక్కా, భుజాన తువ్వాలు.

"యాడికి పోతాండారు?" అని దూరం నుంచే అడిగాడు.

మామ ఇంకా పుల్ల వైపే చూస్తున్నాడు. మా ఆయన మర్యాదగా జవాబు చెబుదామని మూటతో సహా కిందికి దిగారు. నలుగురూ నాలుగడుగులు వెనక్కి వేశారు.

"ఆ మూట కింద పెట్టు."

మా ఆయన ఇసుక అంటుతుందేమోనని చాలా మెల్లగా, రెండు చేతులా, వంగి పెట్టారు. అంత జాగ్రత్తగా పెట్టడం చూసి వాళ్ళు ఇంకో నాలుగడుగులు వెనక్కి వేశారు.

ఆ సమయానికి నొప్పి వచ్చి నేను అరిచాను. అవ్వ తల బయటికి పెట్టింది. "ఏందిరా చూస్తాండారు? బిడ్డ అడ్డం తిరిగి ఇది ఈడ సస్తాంటే."

పెద్దాయన జీపు దగ్గరికి వచ్చి లోపలికి చూశాడు.

"రెణ్ణెల్లుండాదంటివే అవ్వా?"

"మీ కండ్లు పడతాయని చెప్పలే."

"పన్నెండు దినాల్నుంచి మా కండ్లు ఈ జీపు మీదనే ఉండె గదా అవ్వా." తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "పులివెందుల నుంచి వచ్చినోడివి నువ్వేనా?"

"అవునండీ. తాలూకాఫీసులో చేస్తాను."

పెద్దాయన ఆ గడ్డం పైనుంచి కిందికి చూసి, తన మనుషుల వైపు చూశాడు. వాళ్ళు ఇసుక వైపు చూశారు. "సంచులు దించండి. మెల్లగా" అన్నాడు.

వెనక సీటు కింద నుంచి గోనెసంచులు తీశారు. వాటిలో ఉన్నవి నాటుబాంబులని మా వైపు ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు. నిద్రపోయే పిల్లలను దించినట్టు దించి, ఆగిన మా జీపు నీడలో పెట్టారు. రెండు సంచులు. నేను నొప్పుల్లో ఉన్నా టీచరు కూతుర్ని, లెక్క పెట్టాను. నన్ను ఎత్తి వాళ్ళ జీపులో పడుకోబెట్టారు. మామ, ఆ నలుగురు, రెండు సంచులు ఏటి మధ్యలో మిగిలారు.

వాళ్ళ డ్రైవరు గతుకు వచ్చినచోటల్లా జీపును దాదాపు ఆపి, దింపి, ఎక్కించి తోలుతున్నాడు. జమ్మలమడుగు దాటినా అంతే. పెద్దాయన ఓపిక పట్టి పట్టి, "సంచులు దింపినాం గదరా. ఇంక తోలు" అన్నాడు. అలవాటు అలాంటిది.

రెండు గంటలు కాకముందే ప్రొద్దుటూరు చేరాము. డాక్టరమ్మ ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీసింది. ఇంకో అరగంట ఆలస్యమైతే ఏమయ్యేదో తర్వాత అవ్వకు విడిగా చెప్పిందట. అవ్వ అది నాకు చెప్పలేదు, ఆమెకు దాచడం బాగా వచ్చు. పెద్దాయన వాయిదాకు పోకుండా కబురు తెలిసేదాకా వరండా బెంచీ మీద కూర్చున్నాడట. మా ఆయన పోయి చెబితే, "ఆడబిడ్డా, మంచిది. మగోడైతే మీ దిగువ వీధికి ఒక మనిషి ఎక్కువయ్యేటోడు" అని లేచి, తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడట. మేము ఏ వీధికీ చెందమని మా ఆయన చెప్పబోయేసరికి మెట్లు దిగేశాడు.

మామ ఆ నలుగురితో మధ్యాహ్నం దాకా ఏట్లో కూర్చున్నాడు. గంట తర్వాత ఒకడు బీడీ ఇచ్చాడట. సంచులకు దూరంగా పోయి కాల్చుకున్నారట.

దీనితో ఊరు బాగుపడిందని రాయలేను. పిల్లలు బడికి వచ్చారు, జీపులు లోపలికి పోయాయి, అది ఆ ఒక్క వేసవి వరకే. పాప నడక నేర్చిన ఏడాది పెద్దాయన జమ్మలమడుగు నుంచి వస్తూ ఇల్లు చేరలేదు. ఆ రోజు అవ్వ చర్చికి పోయి, ఎవరి కోసమో పైకి చెప్పకుండా, చాలాసేపు మోకాళ్ళ మీద ఉంది.

మా ఆయన కథలో మొదటి ఏడాది సంచులు రెండే. పాపకు ఐదేళ్ళు వచ్చేసరికి నాలుగయ్యాయి. పెళ్ళి నాటికి ఏడయ్యాయి, వాటిలో ఒకటి ఆయనే స్వయంగా దించినట్టు కూడా చేరింది. ప్రతిసారీ నేను "రెండు" అనేదాన్ని. "నువ్వు కండ్లు మూసుకునుంటివి, నీకేం తెలుసు" అనేవారు. కళ్ళు మూసుకున్నది అంతకుముందని ఎన్నిసార్లు చెప్పానో.

మొన్న మా అమ్మాయి పుట్టినరోజు. ఆయన లేకుండా మొదటిది. పాయసం తింటూ ఎవరూ ఆ కథ ఎత్తలేదు. చివరికి మనవరాలే చెప్పమంది. నేను క్లుప్తంగా, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ ఏటిదాకా వచ్చాను. "సంచులు దించారు" అన్నాను.

"ఎన్ని అమ్మమ్మా?" అంది.

వంటింటి వైపు చూశాను. అక్కడ నిలబడి సరిదిద్దే మనిషి లేదు, ఆ మనిషి ఇక్కడ కూర్చుని ఉంది.

"ఏడు" అన్నాను. "ఒకటి మీ తాతే దించినాడు."