అత్తయ్య కుడి చెవికి వినబడిన గొంతు

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఎవరైనా "ఇక్కడ ఏదో తేడాగా జరిగింది" అంటే, మళ్లీ జరిపించి చూపించమని అడగడం నా ఉద్యోగం. చూపించలేకపోతే దాన్ని పక్కన పడేస్తాం. దయ్యాల దగ్గరా నాది ఇదే లెక్క. చదువుకునే రోజుల్లో మా హాస్టల్ అమ్మాయిలు మేడమీది బాత్‌రూమ్‌కి గుంపుగా వెళ్తుంటే, నేను ఒక్కదాన్నే బకెట్ పట్టుకుని పాట పాడుకుంటూ వెళ్లొచ్చేదాన్ని.

ఇప్పుడూ నా నమ్మకాలేమీ మారలేదు. కానీ కిందటేడు పట్టపగలు, మా ఆఫీసు వాళ్లందరూ చుట్టూ ఉండగా ఒకటి జరిగింది. దాన్ని పక్కన పడేయడం నావల్ల కావడం లేదు.

ముందు మా అత్తయ్య గురించి చెప్పాలి. ఆవిడది భీమవరం. ఉద్యోగమంతా టెలిఫోన్ ఎక్స్‌చేంజ్‌లో ఆపరేటర్‌గా చేశారు. ఊళ్లో ఎవరు ఎవరికి ఫోన్ చేసినా ఆవిడ చేతి మీదుగా వెళ్లిన రోజులవి. గొంతు వింటే చాలు, మనిషి ఎవరో, కోపంగా ఉన్నాడో ఆకలిగా ఉన్నాడో చెప్పేస్తారని మావారు మోహన్ అంటుంటారు. ఏళ్ల తరబడి హెడ్‌ఫోన్ పెట్టుకున్నది కుడి చెవికే. రిటైరయ్యాక మొదట పోయిందీ ఆ చెవే. తర్వాత ఎడమదీ మందగించింది.

మేముండేది నిజాంపేటలో. ఆవిడ మాతోనే ఉంటారు. రాను రాను ఇంట్లో అందరం కేకలు పెట్టి మాట్లాడుకోవడం మొదలైంది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగితే పక్కింటివాళ్లు "సరిపోయింది" అనేలా ఉండేది. మొదట్లో ఆవిడా నవ్వేవారు. తర్వాత నవ్వడం తగ్గింది. టీవీ మానేశారు. సాయంత్రాలు అపార్ట్‌మెంట్ ఆడవాళ్లతో కింద కూర్చోవడం మానేశారు. మిషన్ పెట్టించుకుందాం అంటే ఒకటే మాట.

"చెవిలో బఠాణీ గింజ పెట్టుకుని తిరగమంటావా? నాకు వినాల్సినవి ఏమీ మిగల్లేదు."

ఒకరోజు కూరగాయలకని రోడ్డు మీదికి వెళ్లారు. వెనక నీళ్ల ట్యాంకర్ హారన్ కొడుతూనే ఉంది. ఆవిడకు తెలియలేదు. ఎవరో చెయ్యి పట్టి లాగారు కాబట్టి సరిపోయింది. ఆ సాయంత్రం మోహన్ ఇక ఒక్కరినీ బయటికి పంపేది లేదన్నారు. ఆవిడ వాదించలేదు. వాదించకపోవడమే మా ఇద్దరినీ ఎక్కువ భయపెట్టింది.

అలాంటి రోజుల్లో మా ఆఫీసులో కుటుంబాలతో కలిసి విహారయాత్ర పెట్టారు. నానక్‌రామ్‌గూడలో ఆఫీసు దగ్గర్నుంచి బస్సు. పాతబస్తీలో ఒకప్పటి నవాబుగారి మహల్, ఇప్పుడు మ్యూజియంగా ఉన్నది, అది చూసి, మధ్యాహ్నం బిర్యానీ తిని రావడం. ఆ మ్యూజియం పేరు చెప్పను. అక్కడివాళ్లు మంచివాళ్లు, నావల్ల వాళ్లకు లేనిపోని పేరు రాకూడదు. మోహన్‌కి వేరే ఊళ్లో పని ఉంది. అత్తయ్యను ఇంట్లో ఒక్కరినీ వదల్లేక వెంట తీసుకెళ్లాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కేబుల్ బ్రిడ్జి వచ్చినప్పుడు మాత్రం ఒకసారి తల తిప్పి చూశారు. అంతే.

మ్యూజియం గేటు దాటగానే ఒక కౌంటర్. అక్కడ ఆడియో గైడ్‌లు ఇస్తున్నారు. పాతకాలం ఫోన్ రిసీవర్‌లా ఉంటుంది. ఒక్కో వస్తువు దగ్గర ఉన్న అంకె నొక్కి చెవి దగ్గర పెట్టుకుంటే దాని కథ చెబుతుంది. దాన్ని చూడగానే అత్తయ్య ముఖంలో ఎక్కడి నుంచో వెలుగు వచ్చింది.

"నాకూ ఒకటి ఇప్పించు శైలూ."

కౌంటర్ దగ్గరున్నామె జాలిగా చూసింది. "అమ్మా, దీంట్ల తెలుగు లేదమ్మా. ఇంగ్లీష్, హిందీ, ఉర్దూ గంతే."

అత్తయ్యకు ఆ మాటా వినబడలేదు. హిందీ కూడా రాదు. పోనీలే, చేతిలో పట్టుకుని సంతోషపడతారు కదా అని "ఏదో ఒకటి ఇవ్వండి" అన్నాను. అప్పటికే మావాళ్లంతా కౌంటర్ మీద ఎగబడుతున్నారు. ఆమె ఆ గొడవలో పక్కనున్న ట్రేలోంచి ఒకటి తీసి ఇచ్చింది. అత్తయ్య దాన్ని అలవాటుగా కుడి చెవికి ఆనించుకున్నారు. ఆ చెవైతేనేం, ఏ చెవైతేనేం అనుకున్నాను.

మొదటి హాల్లో ఒక పల్లకీ ఉంది. నేను నా గైడ్‌లో ఇంగ్లీష్ వింటున్నాను. ఏ చెక్క, ఎంత వెండి, అలాంటి సంగతులు. పక్కన కిసుక్కుమని నవ్వు వినిపించింది. చూస్తే అత్తయ్య. పల్లకీ ముందు నిలబడి, రిసీవర్ చెవికి నొక్కుకుని, కథ వినే పిల్లలా "ఊఁ... ఊఁ..." కొడుతున్నారు.

మా టీమ్‌లో స్వరూప అని సిద్దిపేట అమ్మాయి. నా పక్కకొచ్చి మెల్లగా అడిగింది.

"శైలూ, మీ అత్తమ్మ ఎవరితోని మాట్లాడుతున్నది?"

"ఏమో. ముచ్చటపడి ఆడుకుంటున్నారేమో."

మేము తన వంక చూస్తున్నామని గమనించి అత్తయ్యే దగ్గరికి వచ్చారు. "ఎంత బాగా చెబుతోందే ఈవిడ! ఈ పల్లకీలో అత్తారింటికి వెళ్లిన పిల్ల దారంతా ఏడుస్తోందని బోయీలు జాలిపడ్డారట. ఏడుపు కాదట, చింతకాయలు తింటూ పులుపుకి ముక్కు ఎగపీలుస్తోందట!"

స్వరూప పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. కానీ నా మనసులో ఒక మూల ఏదో గుచ్చుకుంది. మా అత్తయ్య కథలు కల్పించే మనిషి కాదు. సినిమా చూసొస్తే "బాగుంది" అనో "తలనొప్పి వచ్చింది" అనో చెప్పే మనిషి.

అలా హాలు తర్వాత హాలు. అద్దాల గదిలో నవ్వారు. వంటపాత్రల దగ్గర "అయ్యో పాపం" అన్నారు. నెలల తర్వాత ఆవిడ అలా నడుస్తుంటే చూస్తున్నాను, చీర కుచ్చిళ్లు పట్టుకుని చకచకా, మా ఆఫీసు కుర్రాళ్లకంటే ముందు. స్వరూప ఫోన్‌లో ఆవిడ ఫోటో కూడా తీసింది. అది ఇప్పటికీ నా దగ్గరుంది. సెల్ఫీ కాదు, కుడి ఎడమలు తారుమారు కావడానికి. రిసీవర్ కుడి చెవికే ఉంది.

ఒకప్పుడు ఆడవాళ్లుండే జనానా గదుల దగ్గరికి వచ్చేసరికి ఉండబట్టలేకపోయాను. "అత్తయ్యా, ఒకసారి నాకివ్వండి" అని రిసీవర్ అందుకుని విన్నాను. ఏమీ లేదు. గుయ్‌మన్న చప్పుడు కూడా లేదు. అంకెలు నొక్కాను. తెర వెలగలేదు. స్వరూపకిచ్చాను. తను విని, దులిపి, మళ్లీ విని, "ఇది బందే ఉన్నది కదా" అంది.

అత్తయ్య దాన్ని మా చేతుల్లోంచి లాక్కున్నంత పని చేశారు. "మధ్యలో లైను తెంపుతారేంటర్రా" అని చెవికి పెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, "ఆఁ, ఉన్నాను, చెప్పండి" అన్నారు.

బయట ఎండ మండిపోతోంది. కిటికీలోంచి కావలసినంత వెలుతురు. చుట్టూ పిల్లల గోల. అయినా నేను స్వరూపకు దగ్గరగా జరిగాను.

అత్తయ్య కాసేపు విని, గది గుమ్మం వైపు చూపించారు. పెద్ద చెక్క తలుపు. రెక్క పూర్తిగా వెనక్కి తీసి, గోడకు దగ్గరగా జరిపి, కొక్కెం పెట్టేశారు.

"దాని వెనక గోడ మీద పిల్లల ఎత్తు గీతలున్నాయట. ఏటా పండక్కి నిలబెట్టి గీసేవారట. నడిపి పిల్ల మునివేళ్ల మీద లేచి నిలబడిందిట. వాళ్లమ్మ కనిపెట్టి ఆ గీత కొట్టేసి, కింద ఇంకోటి గీసిందిట. చూసి రా."

వెళ్లాలా వద్దా అని ఒక నిమిషం ఆలోచించాను. పరీక్షించడం నా వృత్తి. వెళ్లాను. తలుపుకీ గోడకీ మధ్య సందు చెయ్యి పట్టేంత మాత్రమే ఉంది. ఏదీ తాకకుండా ఫోన్ లైటు వేసి, తల వంచి లోపలికి చూశాను. నా వెనకే స్వరూప.

పాత సున్నం గోడ మీద, మేకుతోనో దేనితోనో గీసిన గీతలు. ఒకదాని మీద ఒకటి, పిల్లల ఎత్తులో. మధ్యలో ఒక గీత మీద అడ్డంగా రెండు కొట్టివేతలు. దానికి కాస్త కింద ఇంకో గీత.

స్వరూప నా భుజం గట్టిగా పట్టుకుంది. "ఇగ చాలు, పోదాం పద" అంది. తర్వాత తనే మళ్లీ వంగి చూసింది.

అత్తయ్య మాత్రం మా ముఖాలు చూసి, "ఉన్నాయా?" అని అడిగి, ఉన్నాయని తల ఊపగానే, "చెప్పాను కదా" అని ముందుకు నడిచారు.

తిరిగి వచ్చేటప్పుడు కౌంటర్‌లో రిసీవర్ ఇచ్చేశాం. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి నాలుక కరుచుకుంది. "అయ్యో, మీకు ఇదిచ్చిన్నా? ఇది ఖరాబైంది మేడమ్, రిపేరుకు పక్కన పెట్టినం. గడబిడల చూస్కోలే." వెనక మూత తీసి చూపించింది. బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ. "బ్యాటరీ తీసి ఎప్పుడో వేరేదాంట్ల వేసినం. మాఫ్ చేయుండి, అమ్మ పరేషాన్ అయినట్టున్నది."

"లేదండీ, అమ్మ చాలా బాగా విన్నారు" అన్నాను.

బిర్యానీ దగ్గరా బస్సులోనూ అత్తయ్య ఆపకుండా మాట్లాడుతూనే ఉన్నారు. మావాళ్లందరికీ పల్లకీ పిల్ల కథ చెప్పారు. స్వరూప పక్కన కూర్చుని, చెవి దగ్గరకు వంగి గట్టిగా అడిగింది.

"అత్తమ్మా, ఆమె ఏ భాషల చెప్పింది?"

"తెలుగే. కానీ మా వైపు తెలుగు కాదు, నీ మాటలాగే ఉంటుంది. మధ్యమధ్య ఉర్దూ మాటలు. 'జర పైలంగ రా చెల్లె, గా మెట్టు ఎత్తుగుంటది' అంది. చెల్లె అనే పిలిచింది నన్ను, చివరిదాకా. ఎక్స్‌చేంజ్‌లో ఉండాల్సిన గొంతు. ట్రంక్ కాల్‌లో కూడా ఒక్క మాట పొల్లుపోదు."

పశ్చిమ గోదావరి దాటి మా ఇంటికి తప్ప ఎక్కడికీ వెళ్లని మనిషి. నెలల తరబడి మాతో తప్ప ఎవరితోనూ మాట్లాడని మనిషి. ఆవిడ నోట ఆ యాస అచ్చంగా అలా పలికేసరికి స్వరూప నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

ఆ తర్వాతి వారం అత్తయ్యే నా గదిలోకి వచ్చారు. "ఆ చెవి డాక్టరు దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్తావు? వినడం ఎంత బాగుంటుందో మర్చిపోయానే."

మోహన్ చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది.

మాదాపూర్‌లో చూపించాం. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ చెప్పిన మాట ఇది. ఎడమ చెవికి మిషన్‌తో చక్కగా వినబడుతుంది. కుడి చెవి మాత్రం పూర్తిగా పోయింది, ఎంత పెద్ద శబ్దమైనా అందదు, ఇది ఈమధ్య జరిగింది కాదు. నేను ఫోన్ తీసి ఫోటో చూపించి, ఈ చెవితో గంటసేపు విన్నారని చెప్పాను. డాక్టరమ్మ ఫోటో చూసి, మర్యాదగా నవ్వి, "పెద్దవాళ్లు ఒక్కోసారి ఊహించుకుంటారండి" అన్నారు. గీతల సంగతి ఆవిడకు చెప్పలేదు.

మిషన్ వచ్చాక మా ఇల్లు మారిపోయింది. ఇప్పుడు మేమే గొంతు తగ్గించుకోవాలి. అత్తయ్య కింద ఆడవాళ్ల కబుర్లన్నీ మోసుకొస్తున్నారు. కూరగాయల బండి దగ్గర బేరం మూడో అంతస్తుకి వినబడుతోంది. నేనూ మోహనూ వంటింట్లో గుసగుసగా ఆవిడ మీద చెప్పుకున్నవి కూడా వినబడుతున్నాయని ఈమధ్యే తెలిసింది.

కొన్ని నెలల తర్వాత ఆవిడే అడిగి మరీ మళ్లీ ఆ మ్యూజియంకి తీసుకెళ్లమన్నారు. ఈసారి మేమిద్దరమే. బాగా పనిచేసే గైడ్ తీసుకున్నాం. జనానా గది అంకె నొక్కి నేను ఇంగ్లీష్‌లోనూ హిందీలోనూ మొత్తం విన్నాను. తలుపు ఏ చెక్కతో చేశారో ఉంది. గీతల మాట ఎక్కడా లేదు.

అత్తయ్య రిసీవర్‌ను ఎడమ చెవికి పెట్టుకుని కాసేపు శ్రద్ధగా విన్నారు. కుడి చెవికి మార్చి ఇంకాసేపు నిలబడ్డారు. తర్వాత నాకిచ్చేశారు.

"ఈవిడ కాదు."

బాధపడతారేమో అనుకున్నాను. ముఖంలో ఆ జాడే లేదు. కొంగు సర్దుకుంటూ, "డ్యూటీ దిగిపోయి ఉంటుందిలే. ఎన్నాళ్లని కూర్చుంటుంది పాపం" అన్నారు. ఆకలేస్తోందని బయటికి నడిచారు.

ఆ గీతల గురించి ఆవిడకు ఎవరు చెప్పారో, బ్యాటరీ లేని రిసీవర్‌లో, పనిచేయని చెవికి ఏ గొంతు ఎలా చేరిందో నాకు తెలియదు. మా ఆఫీసులో తెలివైనవాళ్లను అడిగి చూశాను. తలా ఒక మాట చెప్పారు. ఏదీ మొత్తానికి సరిపోలేదు. స్వరూప ఇప్పుడు ఆ సంగతి ఎత్తితే టీకి పోదాం పద అంటుంది. అత్తయ్యను అడిగితే మాత్రం, నేనేదో తెలివితక్కువ ప్రశ్న వేసినట్టు చూసి, "ఆవిడ చెప్పింది, నేను విన్నాను" అంటారు.