తరుగు పోను నా బరువు

ఆ రోజుల్లో బరువు తగ్గడం మా దిక్కున గొప్ప సంగతేం కాదు, వాన మొహం చాటేస్తే ఊరు ఊరంతా తగ్గేది. కావాలని తగ్గి, ఆ తగ్గిందాన్ని నిలబెట్టుకోవాలని చూసినవాణ్ని మాత్రం ఖిల్లా ఘణపూర్‌లో నేనొక్కణ్నే. పెళ్లిచూపుల్లో పిల్ల (ఇప్పుడు మా ఇంటావిడ) "మనిషి మంచిగనే ఉన్నడు గని జర ఎక్కువున్నడు" అన్నదని కబురొచ్చింది. రోషమొచ్చి ఏడాదిపాటు పొద్దున్నే ఖిల్లా ఎక్కి దిగాను, అన్నం మాని జొన్నరొట్టె పట్టాను. చిక్కాక ఫొటో తీయించి పంపితే ఒప్పుకుంది. కానీ మూఢం అడ్డొచ్చి ముహూర్తం దసరా దాటింది. అందాకా ఆ ఫొటోలో ఉన్నట్టే ఉండాలి.

తగ్గేటప్పుడు ఒక్కడూ తోడు రాలేదు. నిలబెట్టుకునేటప్పుడు చెడగొట్టడానికి చుట్టాలంతా కదిలారు. పెళ్లి కుదిరినవాణ్ని ఇంటికి పిలిచి తినబెట్టడం మా వైపు ఆనవాయితీ. బల్మూరు మేనత్తయితే వద్దన్నప్పుడల్లా ఏ దవాఖానలో చూపించుకుంటున్నావని కళ్లు తుడుచుకునేది. ఆమె ఏడుపు ఆగాలంటే నేను ఇంకో భక్ష్యం తినాలి. (ఆమె చాలాసేపు ఏడ్చేది.)

నా ధైర్యమల్లా కాంటా. వనపర్తి మార్కెట్ యార్డులో రైతుల పంట అమ్మిపెట్టే ఒక ఆడ్తి దుకాణంలో గుమాస్తాను కనుక, వారం వారం పల్లికాయ బస్తాలు తూచే కాంటా ఎక్కేవాణ్ని. తూచే పెద్దాయనను దడ్వాయి మామ అనేవాళ్లం. ఆయన ముల్లు చూసి "గట్లనే ఉన్నవ్ అల్లుడా" అనేవాడు. నేను నిశ్చింతగా ఇంకో దావత్‌కు పోయేవాణ్ని.

పెళ్లి ముందు వారం చూస్తే కొత్త సూటు గుండీ పట్టలేదు. దడ్వాయి మామ దగ్గరికి పరుగెత్తి, కాంటా చెడిపోయిందని నిలదీశాను. ఆయన నొచ్చుకున్నాడు.

"నా కాంటా తప్పు చెప్పదు. తరుగు తీసి చెప్పిన."

"మనిషికి తరుగేంది మామా?"

"అంగీకి కొంత. వానల తడిసొస్తివి, తేమకు కొంత. పొద్దున తిన్నది ఇంక ఒంటికి పట్టనే లేదు, దానికి కొంత. పెండ్లి పిల్లగానివి, పరేషాన్ అయితవని వారం వారం జర ఎక్కువనే తీసిన."

తేమనీ మట్టనీ బస్తా బరువులో తరుగు తీస్తే రైతులు మొత్తుకుంటారు. తీసినన్నాళ్లూ సంతోషించినవాణ్ని ఆ యార్డు పుట్టాక నేనే మొదటివాణ్ని.

దర్జీ ఎలాగో సూటు వదులు చేశాడుగానీ, నన్ను బిగించే ఉపాయం ఎవరి దగ్గరా లేదు. ఊపిరి బిగబట్టి పీటల మీద కూర్చున్నాను. తెర తీశారు. పిల్ల నన్ను ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది (బాగానే సమయం పట్టింది). మంత్రాల మధ్యలో మెల్లగా అడిగింది.

"ఫొటోల ఉన్నాయన రాలేదా?"

"మేనత్త ఇంట్ల బువ్వకు కూసున్నడు. తినంగనే వస్తడు."

ఆమె నవ్వాపుకోలేక తలంబ్రాలు సగం పంతులు మీద పోసింది. నేను ఊపిరి వదిలేశాను.

ఆయన ఇంతవరకు రాలేదు. ఆమె అప్పుడప్పుడు ఆ ఫొటో దుమ్ము తుడుస్తుంటే, దూరపు చుట్టాన్ని చూసినట్టు నేనూ తొంగి చూస్తాను. పిల్లగాడు బాగున్నాడు, పాపం. ఎవరన్నా పిలిచి ఇంత అన్నం పెడితే బాగుండు అనిపిస్తుంది.