కొక్కెం మీద బరువు

వెల్డింగ్ మేస్త్రీకి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ వీధిలో అందరికీ తెలుసు. ముప్పై ఏళ్లుగా బండ్ల వెనక ట్రైలర్లు తగిలించే కొక్కేలు బిగిస్తున్నాడు. "బలమైనదేదో ఒకటి బిగించెయ్యి" అన్నవాణ్ణి షెడ్డు గడప తొక్కనిచ్చేవాడు కాదు. ముందు ట్రైలర్ ముక్కు కింద, అంటే కొక్కేనికి తగిలించే కొస కింద, మనుషులు బరువు చూసుకునే మిషన్ పెట్టి తూచాలి. ఆ తరవాతే కొక్కెం. చూసి నవ్వినవాడు వచ్చిన దారినే పోవాల్సిందే.

ఆ రోజు వచ్చింది పరాయివాడు కాదు, అల్లుడు. కొత్త ట్రైలర్, అందులో ఫంక్షన్లకు అద్దెకిచ్చే జనరేటర్, లైట్ల పెట్టెలు. మధ్యాహ్నం మొదటి ఆర్డర్‌కు బయల్దేరాలి. నడిపేది మేస్త్రీ కూతురు. అల్లుడికి డ్రైవింగ్ రాదు.

"అరవై దాటితే ట్రైలర్ తోక ఊపుతోంది మామయ్యా. బండిని అటూ ఇటూ ఈడ్చేస్తోంది. అందుకే షాపులో ఉన్నవాటిలోకెల్లా లావు కడ్డీలు తెచ్చాను. ఇవి బిగిస్తే బరువు పంచేస్తాయట."

మేస్త్రీకి ఒళ్లు మండిపోయింది. ఆ స్టీరింగ్ పట్టుకుని కూర్చునేది తన కూతురు. లారీలు తిరిగే రోడ్డు మీద ఒక్క ఊపు చాలు, మనిషి దక్కదు. పోనీ నోరారా తిడదామా అంటే అల్లుడాయె, ఇంట్లో ఆవిడ ఊరుకోదు. పళ్లు నూరుతూనే "మీరు" అన్నాడు.

"ఇవి దేనికో తెలుసా మీకు? ముక్కు బరువుకి బండి వెనక భాగం కుంగితే, అందులో కొంత ముందు చక్రాల మీదికి తోయడానికి. అసలు ముక్కు మీద ఎంత పడుతోందో చూశారా?"

"చూడలేదండీ."

"చెప్పులు కూడా ఇలాగే కొంటారా? షాపులో అన్నిటికన్నా పెద్ద జత తెచ్చుకుని?"

అల్లుడు తల వంచుకున్నాడు. కూతురు బానెట్‌కు ఆనుకుని గోళ్లు చూసుకుంటోంది. మేస్త్రీ మిషన్ తెచ్చి ట్రైలర్ ముక్కు దాని మీదికి దించాడు. ముల్లు ముప్పై దగ్గర ఆగింది.

"వెయ్యి కిలోల ట్రైలర్‌కి ముప్పయ్యా? ఎంత లేదన్నా వంద ఉండాలి. ముక్కు తేలికైతే తోక ఊపదా మరి?" అంటూ వెనక్కి వెళ్లి తలుపు లాగాడు. జనరేటర్ తలుపును ఆనుకునే ఉంది. "ఇక్కడ పెట్టిన మహానుభావుడెవరు? దించడానికి వీలుగా ఉంటుందనా? మా పిల్ల ప్రాణం కన్నా మీ వీలు ఎక్కువైపోయిందా?"

అల్లుడు భార్య వైపు చూశాడు.

"నేనే పెట్టాను నాన్నా."

"నువ్వా? ఈ షెడ్డులోనే పెరిగావు కదే. బుద్ధుందా నీకు?"

"నువ్వు నేర్పినట్టే పెట్టాను. మనకి రెండు చక్రాల లాగుడు బండి ఉండేది చూడు, దాని మీద ఇనుము వేసేటప్పుడు ఏమనేవాడివి? బరువంతా వెనక్కి నెట్టమ్మా, పిడి తేలిగ్గా ఉండాలి, లేకపోతే నా నడుం పోతుంది అనేవాడివి. ఈయన ముందుకి జరుపుదామనే అన్నారు. మా నాన్న మాట మీకేం తెలుసని నేనే నోరు మూయించాను."

మేస్త్రీ అల్లుడి వైపు తిరిగాడు. "ఇందాకటి నుంచీ తిడుతుంటే చెప్పరేం?"

"మీ మాటేనంది కదా మామయ్యా. మీ ముందు ఇంకేం చెప్పను?"

చేతిలో ఉన్న రెంచీ విసిరికొట్టాలనిపించింది మేస్త్రీకి. ఎవరి మీద విసరాలో తెలియలేదు. ఊళ్లోవాళ్ల ట్రైలర్లన్నీ తూచి పంపినవాడు, లాగుడు బండి లెక్క ట్రైలర్‌కు పనికిరాదని కన్నకూతురికి ఒక్క ముక్క చెప్పలేదు.

ముగ్గురూ చైన్ పుల్లీతో జనరేటర్‌ను ఎత్తి చక్రాలకు కాస్త ముందుకు జరిపారు. ముల్లు నూట ఇరవై చూపించింది. ట్రైలర్ తగిలించేసరికి బండి వెనక మూడు వేళ్లు కుంగి, ముందు భాగం పైకి లేచింది. మేస్త్రీ లావు కడ్డీలు పక్కన పడేసి, తన దగ్గరున్నవాటిలో ఆ బరువుకు సరిపోయే సన్న జత తీసి, ముందు భాగం మళ్లీ మునుపటి ఎత్తుకు దిగేదాకా బిగించాడు.

కూతురు బండి స్టార్ట్ చేసింది. మేస్త్రీ వచ్చి కిటికీ అంచు గట్టిగా పట్టుకున్నాడు. మొహంలో కోపం ఇంకా దిగలేదు.

"చిన్నప్పుడు ఇంకేమేం చెప్పాను నీకు?" అన్నాడు. "ఒక్కొక్కటీ చెప్పు. అన్నీ వినే పంపిస్తాను."

ఆమె ఇంజిన్ ఆపేసింది.