మూత తీయని సీసా

మా వదిన నాడీకణాలను పెంచుతుంది. కుక్కల్ని, పూలమొక్కల్ని పెంచేవాళ్ళు వీధికి పదిమంది ఉంటారు. ఎలుక మెదడు కణాలను గాజుపళ్ళేల్లో సాకే మనిషి మా ఇంట్లోనే ఉందని నేను ఊరంతా డప్పు కొట్టాను. నేను చదువు మధ్యలో మానేసినా, వదిన పనిచేసే ప్రయోగశాల సగం నా సలహా మీదే నడుస్తుందని కూడా చెప్పాను. నమ్మినవాళ్ళూ ఉన్నారు.

వదిన చెప్పిన సంగతి ఇది: మెదడు రక్తంలోని కొలెస్టరాల్‌ను ముట్టదు, తనకు కావలసింది తనే వండుకుంటుంది. సహాయక కణాలు తయారుచేస్తే, ఒక ప్రోటీను దాన్ని మూటగట్టి నాడీకణాల గుమ్మంలో దించుతుంది.

"నా మెదడులో మూటలేంటి వదినా, లారీలే తిరుగుతాయి," అన్నాను.

"లారీలు సరే మరిదిగారూ, సరుకేదీ?" అంది.

ఈసారి ప్రయోగం ఆ ప్రోటీను లేని కణాల మీద. మూట మోసే దిక్కులేక నాడీకణాల కొమ్మలు చిక్కిపోవాలి. చిక్కలేదు సరికదా, ఏపుగా ఉన్నాయి. ప్రయోగశాల నడిపే పెద్ద మేడమ్ పొంగిపోయింది. "ప్రోటీను లేకున్నా ఫర్వాలేదన్నమాట! సదస్సులో ఇదే చెప్తాను. ఇక నీ ఉద్యోగం పర్మనెంటే," అంది. ఏళ్ళ తరబడి కాంట్రాక్టు మీద ఉన్న వదిన ఆ మాట కోసమే ఎదురుచూస్తోంది.

మర్నాడు నేను క్యారియర్ తీసుకెళ్ళేసరికి వదిన ఫ్రిజ్ తలుపు పట్టుకుని కొయ్యబారిపోయి ఉంది. కణాల మేతలో కలిపే సీరం, అంటే రక్తం నుంచి తీసిన ద్రవం, రెండు సీసాల్లో ఉంటుంది. ఒకటి కొలెస్టరాల్ ఉన్న మామూలుది, రెండోది కొలెస్టరాల్ తీసేసినది. ఈ ప్రయోగానికి వాడాల్సింది రెండోది. దాని మూతకు సీలు అలాగే ఉంది. అలవాటైన చెయ్యి అలవాటైన సీసా మీదికే పోయింది.

"ఉపవాసం ఉంచి, చాటుగా అన్నం పెట్టాను," అంది.

"ఎవరికి తెలుస్తుంది వదినా? సీలు తీసి కాస్త సింకులో ఒంపెయ్, సరిపోతుంది."

"నువ్వైతే ఆ కణాలు పాటలు కూడా పాడాయంటావు. తప్పుకో."

రెండు సీసాలూ పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్ళింది. అద్దం తలుపు వెనక మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టడం కనిపించింది. పళ్ళేలు చెత్తలోకి పోయాయి. సదస్సు పోయింది. పర్మనెంటు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

కొత్త పళ్ళేలకు సరైన సీరం పోశారు. కొన్నాళ్ళకు వదిన నన్ను మైక్రోస్కోపు దగ్గరకు పిలిచింది.

"పాపం, బక్కచిక్కాయి," అన్నాను.

"చిక్కాలి," అంది వదిన. మొహం మాత్రం చిన్నబోయింది.

కాంట్రాక్టు ఇంకో ఏడాది పొడిగించారు. ఊళ్ళో మాత్రం ఆ సీసా గుట్టు పట్టింది నేనేనని చెప్పుకుంటున్నాను. వదిన విని నవ్వుకుంటుంది.